సర్వో తీసివేసిన తరువాత పాదానికి తెలిసినవి

మూడు వారాల్లో రెండుసార్లు బ్రేక్ ఆయిల్ డబ్బాలో మట్టం సగానికి దిగిపోయింది. చక్రాల లోపలి వైపు తడి లేదు, పైపుల జాయింట్ల దగ్గర చెమ్మ లేదు, కారు నిలిపే చోట నేల మీద ఒక్క చుక్క కూడా కనబడలేదు. ఉదయం ఇంజిను స్టార్టు చేసినప్పుడు మాత్రం సైలెన్సరు నుండి తెల్లని పొగ కాసేపు వచ్చి ఆగిపోయేది. నాది 1960ల నాటి రెండు సీట్ల స్పోర్ట్స్ కారు. ముందు చక్రాలకు డిస్కులు, వెనుక చక్రాలకు డ్రమ్ములు. డిస్కు బ్రేకులో చక్రంతో తిరిగే పళ్లేన్ని రెండు వైపులా ప్యాడ్లు అదుముతాయి, డ్రమ్ములో తిరిగే డబ్బా లోపలి గోడను షూలనే వంపు పలకలు అదుముతాయి. తయారైనప్పుడు దానికి పవర్ బ్రేకులు లేవు. నాకంటే ముందు దాన్ని నడిపినవారెవరో బానెట్ కింద ఒక వ్యాక్యూమ్ సర్వోను, అంటే ఇంజిను పీల్పుతో కాలి బలానికి తోడ్పడే పరికరాన్ని, అదనంగా బిగించారు. మాయమవుతున్న ఆయిలంతా ఆ సర్వోలో అరిగిపోయిన సీలును దాటి, వ్యాక్యూమ్ గొట్టం గుండా ఇంజినులోకి గాలి, పెట్రోలు వెళ్లే దారి అయిన మేనిఫోల్డ్‌లోకి చేరి, పెట్రోలుతో పాటు కాలిపోతున్నదని గొట్టం ఊడదీసి చూసిన రోజున తెలిసింది. గొట్టం లోపల వేలు పెడితే ఆయిల్ అంటుకున్నది.

సర్వోను బాగు చేయడం పెద్ద పని కాదు. కావలసిన సీళ్లు, డయాఫ్రమ్ అనే సాగే పొర, వాల్వు రబ్బర్లు కలిపిన కిట్లు దొరుకుతాయి. సిలిండరు లోపలి గోడ తుప్పు పట్టి గుంటలు పడకుండా ఉంటే ఒక రోజు పనితో అది మళ్లీ నిలబడుతుంది. అయినా పాన చేతపట్టే ముందు నేను ఆగిపోయాను. తయారుచేసినవారు అవసరం లేదనుకున్న పరికరాన్ని తరువాతివారు ఎందుకు పెట్టారు? పెడల్ గట్టిగా ఉన్నదని పెట్టి ఉండాలి. మరి అదే కారు కొత్తగా ఉన్నప్పుడు గట్టిగా లేని పెడల్ ఆ తరువాత ఎందుకు గట్టిపడింది? ఈ రెండవ ప్రశ్నకు జవాబు దొరికేదాకా సర్వోను బాగు చేయకూడదని నిశ్చయించుకున్నాను. మాన్యువల్ బ్రేకులా, పవర్ బ్రేకులా అన్న చర్చలో చాలామంది దాటవేసే ప్రశ్న ఇదేనని నా నమ్మకం.

పాత కారులో మన కాలు చేసే పని లెక్కకు అందేదే. నా పెడల్ కొలిస్తే, ఇరుసు నుండి పాదం ఆనే చోటుకు ఉన్న దూరం, ఇరుసు నుండి పెడల్ బలాన్ని ముందుకు తోసే పుష్ రాడ్ తగిలే చోటుకు ఉన్న దూరానికి సుమారు అయిదు రెట్లున్నది. అంటే పాదంతో 30 కిలోల బలం వేస్తే పుష్ రాడ్ మీద 150 కిలోల బలం పడుతుంది. ఆ బలం మాస్టర్ సిలిండర్ పిస్టన్ మీద పడి ఆయిల్‌లో ఒత్తిడిగా మారుతుంది. పిస్టన్ ఎంత సన్నగా ఉంటే ఒత్తిడి అంత పెరుగుతుంది, కాని ఆయిల్‌ను అంతే మొత్తంలో నెట్టడానికి పెడల్ అంత ఎక్కువ దూరం దిగవలసి వస్తుంది. బ్రేకుల్లో ఏదీ ఊరికే రాదు. బలం కావాలంటే దూరం ఇచ్చుకోవాలి, దూరం తగ్గాలంటే బలం ఇచ్చుకోవాలి. ఈ బేరానికి బయటి నుండి మూడవ మనిషిలా వచ్చి కొంత బలాన్ని తన వైపు నుండి కలిపేదే సర్వో.

సర్వో కలిపే బలం ఇంజిను పీల్పు నుండి వస్తుంది. థ్రాటిల్ మూసుకున్నప్పుడు మేనిఫోల్డ్‌లో ఏర్పడే వ్యాక్యూమ్ డయాఫ్రమ్‌కు ఒక వైపునా, బయటి గాలి ఒత్తిడి మరొక వైపునా ఉంటాయి. రెండింటి మధ్య తేడా చదరపు సెంటీమీటరుకు 0.6 కిలోలు ఉన్నదనుకుంటే, 20 సెంటీమీటర్ల వ్యాసం గల డయాఫ్రమ్ మీద దాదాపు 188 కిలోల బలం తయారవుతుంది. మనిషి కాలు, మీట కలిసి పుట్టించే 150 కిలోల కంటే అది ఎక్కువ. అయితే ఈ లెక్క ఇంజిను మీద ఎంతగా ఆధారపడి ఉన్నదో గమనించాలి. వేగం కోసం, వాల్వులను ఎక్కువసేపు తెరిచి ఉంచే పెద్ద క్యామ్‌షాఫ్టు వేసిన ఇంజిను ఐడిలింగులో ఆ వ్యాక్యూమ్‌లో సగమే ఇవ్వవచ్చు, అప్పుడు సహాయం కూడా 94 కిలోలకు పడిపోతుంది. ఇంజినుకు బలం పెంచే మార్పులన్నీ చేసి, దానితో పాటే సర్వో కూడా పెట్టినవారు నెమ్మదిగా వెళుతున్నప్పుడు పెడల్ ఒక్కొక్కసారి రాయిలా ఉన్నదని చెప్పడానికి కారణం ఎక్కువగా ఇదే. వ్యాక్యూమ్ నిల్వ చేసే చిన్న డబ్బా ఒకటి బిగిస్తే కొంత మేలు ఉంటుంది, కాని ఇంజిను ఎప్పుడూ ఇవ్వని వ్యాక్యూమ్‌ను ఏ డబ్బా నిల్వ చేయలేదు.

డిస్కు బ్రేకుల చరిత్ర చూస్తే సర్వో అవసరం ఎక్కడి నుండి వచ్చిందో అర్థమవుతుంది. డ్రమ్ము బ్రేకులో చక్రం తిరిగే దిశలోనే బయటికి కదిలే షూను తిరుగుతున్న డ్రమ్మే తనలోకి లాక్కొని మరింత గట్టిగా అదుముతుంది. అంటే డ్రమ్ము తనకు తానే కొంత సర్వో. రెండు షూలూ అటువంటివే ఉండే ముందు డ్రమ్ములు తక్కువ కాలి బలంతోనే గట్టిగా పట్టేవి, వెనక్కి వెళుతున్నప్పుడు మాత్రం ఆ గుణాన్ని కోల్పోయేవి. డిస్కుకు ఈ గుణం లేదు. ప్యాడ్ మీద ఎంత బలం పడితే అంతే రాపిడి పుడుతుంది. అందువల్లనే డిస్కు వేడెక్కినా, ఎన్నిసార్లు తొక్కినా దాదాపు ఒకే తీరున పనిచేస్తుంది. అందువల్లనే అది ఎక్కువ బలాన్ని కూడా అడుగుతుంది. 1953లో జాగ్వార్ సి-టైప్ డిస్కు బ్రేకులతో లె మాన్స్ 24 గంటల పందెం గెలిచిన తరువాత స్పోర్ట్స్ కార్లన్నీ క్రమంగా ఆ దారి పట్టాయి. 1961లో వచ్చిన జాగ్వార్ ఇ-టైప్ నాలుగు చక్రాలకూ డిస్కులతో పాటు సర్వోను కూడా తెచ్చుకున్నది. తేలికైన కార్లు మాత్రం చాలాకాలం సర్వో లేకుండానే గడిపాయి. పోర్షే 911 తొలి ఏళ్లలో నాలుగు చక్రాలకూ డిస్కులున్నా సర్వో లేదు. 1970ల చివరి భాగంలో గాని అది ఆ కారుకు మామూలు సామగ్రి కాలేదు. కారు బరువు, ప్యాడ్ల పట్టు, పిస్టన్ల కొలతలు ఒకదానికొకటి కుదిరినప్పుడు డిస్కు కూడా కాలి బలంతోనే చక్కగా పనిచేస్తుందనడానికి ఇంతకంటే మంచి సాక్ష్యం అవసరం లేదు.

నా కారులో ఉన్నది పెడల్‌కూ మాస్టర్ సిలిండర్‌కూ మధ్య నేరుగా కూర్చునే, బూస్టరు అని పిలిచే సర్వో కాదు, ఎక్కడో దూరంగా పైపు మధ్యలో బిగించే రకం. నేరుగా కూర్చునే బూస్టరులో ఒక రబ్బరు బిళ్ల ఉంటుంది; డయాఫ్రమ్ తోసే బలంలో ఒక నియమిత భాగాన్ని అది తిరిగి పాదానికి తెలియజేస్తుంది, కనుక మంచి బూస్టరుతో మన పాదం పూర్తిగా చెవిటిది కాదు. దూరపు సర్వోలో ఆయిల్ ఒత్తిడే ఒక చిన్న వాల్వును కదిలించి గాలిని లోపలికి వదులుతుంది. ఆ వాల్వు కదలడానికి కొంత కనీస ఒత్తిడి కావాలి, ఒకసారి కదిలిందంటే సహాయం ఒక్కసారిగా వచ్చిపడుతుంది. నా కారులో మొదటి సెంటీమీటరు కదలికలో ఏమీ జరగకుండా, ఆ వెంటనే అనుకున్నదానికంటే ఎక్కువ జరిగేది. తడి రోడ్డు మీద నెమ్మదిగా మలుపు తిరుగుతూ కొద్దిగా వేగం తగ్గించాలనుకున్నప్పుడు ఆ తేడా నన్ను ఎన్నోసార్లు భయపెట్టింది. కారు పాతబడిన కొద్దీ వాల్వు బిగుసుకొని, పాదం తీసిన తరువాత కూడా బ్రేకులు కొద్దిసేపు పట్టుకొని ఉండడం కూడా మొదలైంది.

సర్వోను పక్కన పెట్టి, దానిలోకి వెళ్లే పైపును, దాని నుండి వచ్చే పైపును ఒక జాయింటుతో కలిపి, మేనిఫోల్డ్ మీది రంధ్రానికి బిరడా బిగించి, లైన్లలో గాలి పూర్తిగా తీశాను. ఖాళీ స్థలంలో మొదటిసారి నడిపినప్పుడు, నిజం చెప్పాలంటే, సర్వో బిగించినవారి మీద నాకు సానుభూతి కలిగింది. కాలంతా బిగబట్టి తొక్కితే గాని కారు ఆగలేదు. ఈ పెడల్‌తో రోడ్డెక్కడం తప్పని అనిపించి, కారును అక్కడి నుండి నేరుగా షెడ్డులోకి తెచ్చి, నాలుగు చక్రాలూ విప్పాను.

మొదట కనబడింది ప్యాడ్లను డిస్కు మీదికి అదిమే ఒక ముందు కాలిపర్. దానిలోని రెండు పిస్టన్లలో ఒకటి తుప్పుతో బిగుసుకొని అసలు కదలడం లేదు. ఆ వైపు ప్యాడ్ కొత్తదానిలా ఉంటే, ఎదుటిది లోహం దాకా అరిగిపోవడానికి సిద్ధంగా ఉన్నది. ఇంతకాలం సర్వో ఇచ్చిన అదనపు బలం ఈ లోపాన్ని నాకు తెలియకుండా కప్పి ఉంచింది. ప్యాడ్లు కూడా వేగపు పందేలకు ఉద్దేశించిన గట్టి రకం. వేడెక్కిన తరువాత అవి అద్భుతంగా పట్టవచ్చు గాని, రోడ్డు మీద మామూలుగా నడిపేవారి డిస్కులు అంత వేడికి ఎప్పుడూ చేరవు; చల్లగా ఉన్నప్పుడు ఆ ప్యాడ్ల పట్టు మామూలు ప్యాడ్ల కంటే తక్కువ. సర్వో లేని కారుకు చల్లగా ఉన్నప్పుడే బాగా పట్టే మెత్తటి ప్యాడ్లు కావాలి. పెట్టె మీద పందెం కారు బొమ్మ ఉన్నదని ఎక్కువ వెల పెట్టి కొన్న ప్యాడ్లు పెడల్‌ను మరింత గట్టిగా చేస్తాయన్నది నాకు ఆలస్యంగా తెలిసిన విషయం.

వెనుక షూలకూ డ్రమ్ముకూ మధ్య ఎడం బాగా పెరిగిపోయి ఉన్నది. ఈ తరం కార్లలో ఆ ఎడాన్ని చేత్తో సరిచేయాలి. సరిచేయకపోతే పెడల్ కదలికలో మొదటి భాగమంతా షూలను డ్రమ్ము దాకా చేర్చడానికే ఖర్చవుతుంది. రెండుసార్లు తొక్కితే పెడల్ పైకి రావడం దీనికి గుర్తు. రబ్బరు గొట్టాలు బయటికి బాగానే కనబడినా, ఒకరిని పెడల్ తొక్కమని చేత్తో పట్టుకుంటే ఉబ్బడం తెలిసింది. వాటిని మార్చాను.

అసలు దోషి వేరే ఉన్నది. సర్వో బిగించిన రోజుల్లోనే మాస్టర్ సిలిండర్‌ను కూడా మార్చారు: మొదట ఉండవలసిన ముప్పావు అంగుళం సిలిండరు స్థానంలో 7/8 అంగుళం సిలిండరు కూర్చున్నది. పెద్ద సిలిండరు ఎక్కువ బలం ఇస్తుందన్న నమ్మకం చాలామందిలో ఉన్నది; జరిగేది దానికి సరిగ్గా వ్యతిరేకం. 7/8 అంగుళం పిస్టన్ వైశాల్యం 3.88 చదరపు సెంటీమీటర్లు, ముప్పావు అంగుళానిది 2.85. పుష్ రాడ్ మీద అదే 150 కిలోల బలం పడితే పెద్ద పిస్టన్ ముందు చదరపు సెంటీమీటరుకు 39 కిలోల ఒత్తిడి, చిన్న పిస్టన్ ముందు 53 కిలోల ఒత్తిడి పుడతాయి. అంగుళంలో ఎనిమిదో వంతు తేడాకు ఒత్తిడి 36 శాతం పెరిగింది. సర్వో ఉన్నప్పుడు పెద్ద సిలిండరుకు ఒక ప్రయోజనం ఉన్నది: పెడల్ తక్కువ దూరం కదిలి గట్టిగా, పొట్టిగా అనిపిస్తుంది. సర్వోను తీసి పెద్ద సిలిండరును అలాగే ఉంచితే మాత్రం ఇద్దరు చేసిన పనిని ఒక్కరి మీద మోపినట్లవుతుంది. నేను మళ్లీ ముప్పావు అంగుళం సిలిండరు బిగించాను. పెడల్ ఇంతకుముందు 50 మిల్లీమీటర్లు దిగిన చోట ఇప్పుడు 68 దిగుతుంది. ఆ పద్దెనిమిది మిల్లీమీటర్లు నాకు నచ్చాయి, ఎందుకంటే బ్రేకును కొలిచి వేయడానికి పాదానికి అంత మేర చోటు పెరిగింది.

పెడల్ నిష్పత్తిని కూడా ఇదే దృష్టితో చూడాలి. సర్వో లేని కార్లలో అది ఆరు రెట్ల దరిదాపుల్లోనూ, సర్వో ఉన్న కార్లలో నాలుగు రెట్ల దరిదాపుల్లోనూ ఉండడం సాధారణం. రెండు విధాలుగానూ అమ్ముడైన కొన్ని కార్లలో పెడల్ మీద పుష్ రాడ్‌కు రెండు వేరువేరు రంధ్రాలుంటాయి, కొన్నింటిలో పెడలే వేరు. ఒక విధం నుండి మరొక విధానికి మారుతూ ఈ రంధ్రాన్ని మార్చడం మరచిపోతే, తరువాత ఎన్ని ఖరీదైన సామాన్లు కొన్నా పెడల్ సరిగా కుదరదు. అందుకే కారు సర్వోతోనే పుట్టి ఉంటే దాన్ని తీసివేయమని నేను ఎవరికీ చెప్పను. ఆ కారులో పెడల్, సిలిండరు, కాలిపర్లు అన్నీ సర్వోను నమ్ముకొని కొలిచినవి. ఇంజిను ఆపి, పెడల్‌ను నాలుగైదుసార్లు తొక్కి, నిల్వ ఉన్న వ్యాక్యూమ్‌ను ఖాళీ చేసి, కారు కదలకుండా ఉండగానే మళ్లీ తొక్కి చూస్తే ఆ కారు సర్వో లేకుండా ఎలా ఉంటుందో ఎవరి కాలికైనా తెలుస్తుంది. పెడల్‌ను అలాగే అదిమి పట్టుకొని ఇంజిను స్టార్టు చేసినప్పుడు అది కొద్దిగా కిందికి జారితే సర్వో పనిచేస్తున్నట్లు. జారకపోతే ముందు వ్యాక్యూమ్ గొట్టాన్ని, దానిలోని ఒకవైపు వాల్వును చూడాలి.

మరమ్మతులన్నీ అయిన తరువాత అదే ఖాళీ స్థలంలో మళ్లీ నడిపాను. పెడల్ బరువుగానే ఉన్నది, కాని అది అర్థం ఉన్న బరువు. ఎంత తొక్కితే అంత ఆగుతుంది, తొక్కడం తగ్గిస్తే ఆ క్షణమే తగ్గుతుంది. ముందు చక్రం తిరగడం మానేసి జారబోయే ముందు వచ్చే సన్నని వణుకు చెప్పు అడుగు గుండా పాదానికి అందింది. ఇంతకాలం నడిపినా ఆ వణుకును నేనెప్పుడూ ఎరుగను. పాత కారులో చక్రాలు బిగుసుకోకుండా కాపాడే ఎలక్ట్రానిక్ పరికరమేదీ లేదు, ఆ పని చేయవలసింది పాదమే. పాదానికి వార్త అందకపోతే అది చేయలేదు. గేరు తగ్గిస్తూ బ్రేకు మీద ఉన్న పాదం అంచుతోనే యాక్సిలరేటరు తాకించడం కూడా తేలికైంది, ఎందుకంటే గట్టి పెడల్ ఆ సమయంలో పాదానికి ఆధారంగా నిలుస్తుంది, మెత్తటి పెడల్ కింద జారిపోతుంది.

సర్వో ఉంటే కారు తక్కువ దూరంలో ఆగుతుందన్న వాదనను నేను ఒప్పుకోను. చివరికి కారును ఆపేది టైరుకూ రోడ్డుకూ మధ్య ఉన్న పట్టు. కాలి బలంతోనే చక్రాలను బిగించగలిగినప్పుడు సర్వో ఆ పట్టుకు ఏమీ చేర్చలేదు. శ్రమను మాత్రమే తగ్గిస్తుంది. ముందు వెనుక చక్రాల మధ్య బ్రేకు పంపకాన్ని కూడా అది దానంతట అది మార్చదు. భద్రత కోసమే ఖర్చు పెట్టదలచినవారు ముందు చూడవలసింది ఒకే సర్క్యూట్, అంటే నాలుగు చక్రాలకూ ఒకే ఆయిల్ దారి గల మాస్టర్ సిలిండర్‌ను. అటువంటి కారులో ఎక్కడ ఒక్క పైపు పగిలినా నాలుగు చక్రాల బ్రేకులూ పోతాయి. అమెరికాలో 1968 నుండి కొత్త కార్లకు రెండు సర్క్యూట్లు ఉండి తీరాలన్న నియమం వచ్చింది ఇందుకే. నా కారుకు రెండు సర్క్యూట్ల సిలిండరు బిగించడం నేను తరువాత చేపట్టబోయే పని, సర్వో ఖర్చు కంటే అది ఎన్నో రెట్లు సార్థకమని నా అభిప్రాయం.

అయితే ఈ కారును నడిపేది నేనొక్కడినే కాదు. నా భార్య కూడా నడుపుతుంది, ఆమె నాకంటే తేలికైన మనిషి. నాకు నచ్చిందని ఆమె మీద బరువు పెడల్‌ను రుద్దడం న్యాయం కాదు గనుక, ఇద్దరమూ ఒక పరీక్ష చేశాము. బరువు తూచే మిషన్‌ను గోడకు నిలబెట్టి, దానికి ఎదురుగా కుర్చీ వేసి, వీపు ఆనించి కూర్చొని పాదంతో నొక్కాము. కాలు పూర్తిగా చాపుకొని నొక్కినప్పుడు ఆమెకు 25 కిలోలు దాటడం కష్టమైంది. కుర్చీని నాలుగు వేళ్ల మేర ముందుకు జరిపి, మోకాలు కొద్దిగా వంగి ఉండేలా కూర్చున్నప్పుడు 45 కిలోలు పెద్ద ప్రయాస లేకుండా వచ్చింది. కొత్త కార్ల అనుమతి పరీక్షలకు ఐరోపాలో పాటించే నియమం పెడల్ మీద 500 న్యూటన్లకు, అంటే సుమారు 51 కిలోలకు మించిన బలం వాడరాదంటుంది. మా పెడల్ గట్టిగా ఆగడానికి అడిగేది అందులో మూడింట రెండు వంతులే. కారులో సీటు జరిపి కూర్చున్న తరువాత ఆమె అన్నమాట ఇది: "ఆపడానికి ఇబ్బంది లేదు, కాని గంటసేపు ఆగుతూ కదులుతూ పోయే రద్దీలో అయితే నాకు ఇది వద్దు."

ఆమె చెప్పింది నిజమే, దానికి నా దగ్గర జవాబు లేదు. ఒక్కసారి గట్టిగా తొక్కడం వేరు, అయిదు వందలసార్లు తొక్కడం వేరు. రోజూ రద్దీలో నడిపేవారికి, మోకాలు నొప్పి ఉన్నవారికి, పెద్ద ఇంజిను మోసే బరువైన కారు ఉన్నవారికి నేను సర్వోనే ఎంచుకోమంటాను, అదీ పైపు మధ్యలో బిగించేది కాక, చోటు ఉంటే పెడల్‌కు నేరుగా కూర్చునే రకాన్ని. మా కారు ఎక్కువగా ఖాళీ రోడ్లను చూసే కారు గనుక మా తీర్పు అటువైపు పోలేదు.

సర్వోను మాత్రం పారవేయలేదు. సిలిండరు లోపల గుంటలు లేవని చూసుకొని, కొత్త సీళ్లు వేసి, నోళ్లకు బిరడాలు పెట్టి, నూనె గుడ్డలో చుట్టి అటక మీద పెట్టాను. దాన్ని మోసిన బ్రాకెట్ బానెట్ కింద అలాగే ఉన్నది, పైపులను కలిపిన జాయింటును కూడా రెండు పానాలతో విప్పగలిగే చోటే పెట్టాను. మా ఇద్దరిలో ఎవరి మోకాలు ముందుగా అడిగితే ఆ రోజున అది తిరిగి తన చోటికి వెళుతుంది. ఈసారి దాని వెనుక బిగుసుకున్న పిస్టన్ గాని, తప్పు ప్యాడ్లు గాని దాగి ఉండవు.